పద్దెనిమిది నెలల వానప్రస్థం

కాఫీ తాగనివాళ్ళతో నాకు స్నేహం కుదురుతుందని ఎప్పుడూ అనుకోలేదు. మా గుంటూరులో ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు, వెనకాలే కాఫీ, ఆ తరవాతే కబుర్లు. అలాంటిది 2015లో, ఎక్కడో ఆఫ్రికాలో, ఘనా దేశపు రాజధాని అక్రాలో, గుంటూరు నించి పొట్లాలు కట్టి మోసుకెళ్ళిన పొడితో నేను కలిపిచ్చిన కాఫీని ఓ అమెరికా ఆవిడ ఎంతో మర్యాదగా "వద్దండీ, మేం తాగం" అనేసింది. పోనీ టీ ఇవ్వనా అన్నాను. అదీ తాగరట. ఇంకేం చెయ్యను? మజ్జిగలో కాస్త అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి ఇచ్చాను. గ్లాసు ఖాళీ చేసి, సిగ్గుపడకుండా ఇంకో గ్లాసు అడిగింది. అలా మొదలైంది మా పరిచయం.

మా అబ్బాయికి అక్కడ ఓ మందుల కంపెనీలో ఉద్యోగం. కోడలికి నెలలు నిండుతున్నాయి, వియ్యపురాలికేమో ఒంట్లో బాగాలేదు. అంచేత మార్చిలో నేను బయల్దేరాను. మావారు మోకాళ్ళ నొప్పులని ఇంటిదగ్గరే ఉండిపోయారు. అబ్బాయి వాళ్ళది రెండో అంతస్తు. కింది వాటాలో ఈ దంపతులు. ఆయనకి అరవై తొమ్మిదేళ్ళు, ఆవిడకి అరవై ఏడు. యూటా రాష్ట్రంలో ఓ చిన్న ఊరు. ఆయన హైస్కూల్లో సైన్సు మేష్టారుగా, ఆవిడ ఓ పళ్ళ డాక్టరు దగ్గర లెక్కలు రాసే గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆరుగురు పిల్లలు, పందొమ్మిది మంది మనవలు. ఇరవయ్యోది కడుపులో ఉందని, వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఆవిడే చెప్పింది.

ఇంతమంది మనవల్ని వదిలిపెట్టి ఈ ఉక్కలో, ఈ దోమల్లో వీళ్ళకేం పని? నాకు ముందొచ్చిన సందేహం అదే. మీకూ అదే వచ్చుంటుంది.

వాళ్ళు మోర్మన్లు. ఆ సంఘంలో ఒక పద్ధతుంది. పిల్లలు ఎదిగి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక, ఓపిక ఉన్న దంపతులు ఆరు నెలలకో, ఏడాదికో, పద్దెనిమిది నెలలకో, ఇరవై మూడు నెలలకో సేవకని ఇల్లు వదిలి వెళ్ళొచ్చు. ఎక్కడికి వెళ్ళాలనుందో చెప్పుకోవచ్చుగానీ, ఎక్కడికి పంపాలన్నది సంఘం నిర్ణయం. జీతం మాట దేవుడెరుగు, తిండీ బట్టా అన్నీ సొంత ఖర్చే. ఇంటద్దె మాత్రం నెలకి 1,400 డాలర్లు దాటితే ఆ పైది సంఘం భరించేలా 2011లో ఒక ఏర్పాటు చేశారట. వీళ్ళు పద్దెనిమిది నెలలకి ఒప్పుకుని వచ్చారు. పాత కారు అమ్మి, ఇల్లు మూడో కొడుక్కి అప్పజెప్పి, పెరట్లో కోళ్ళని పక్కింటివాళ్ళకిచ్చి మరీ వచ్చారు.

ఆయన్ని అందరూ "ఎల్డర్" అని, ఆవిడని "సిస్టర్" అని పిలుస్తారు. ఎల్డర్ అంటే పెద్దాయన అని కదా అర్థం. ఆయనకి నప్పిందిలే అనుకున్నాను. తీరా చూస్తే వాళ్ళింటికొచ్చే, మీసం కూడా సరిగ్గా రాని పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళూ "ఎల్డర్"లేనట! తెల్ల చొక్కా, మెడకి టై, జేబు మీద నల్లబిళ్ళ, ఎక్కడికెళ్ళినా జంటగా వెళ్ళడం. రెండేళ్ళు ఇల్లు విడిచి మతబోధ చెయ్యాలి. ఆ వయసు పరిమితిని మగపిల్లలకి పద్దెనిమిదికి, ఆడపిల్లలకి పందొమ్మిదికి తగ్గించింది 2012లో.

మిషనరీ అంటే నాకు బాగా తెలుసనుకున్నాను. తెలియకేం? నేను పుట్టిందే గుంటూరు కుగ్లరాసుపత్రిలో. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నించి వచ్చి, 1898లో ఆ ఆసుపత్రి తెరిచి, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. మా అమ్మమ్మ ఆవిడ్ని చూసిందట. అలా వచ్చి మన మట్టిలో కలిసిపోయిన మనిషే నా దృష్టిలో మిషనరీ. పద్దెనిమిది నెలలకి తిరుగు టిక్కెట్టు జేబులో పెట్టుకొచ్చే వాళ్ళేం మిషనరీలని మనసులో కాస్త చులకన కూడా ఉండేది. దాచుకోవడం దేనికి?

అయితే వాళ్ళ దినచర్య చూస్తుంటే ఆ చులకన ఎక్కడ నిలుస్తుంది? తెల్లారకుండానే ఆయన లేచి నీళ్ళు కాచి, వడగట్టి సీసాలకి పట్టేవాడు. ఆ ఏడు అక్రాలో కరెంటు కష్టం చెప్పనలవి కాదు. పన్నెండు గంటలుంటే ఇరవై నాలుగు గంటలు పోయేది. ఆ ఊరివాళ్ళు దానికి "దుంసోర్" అని పేరు పెట్టారు. "దుం" అంటే ఆర్పు, "సోర్" అంటే వెలిగించు. చూశారా, కష్టానికి ముద్దుపేరు పెట్టుకోవడం మన ఒక్కళ్ళ విద్యే కాదు. కరెంటున్న పూటే ఆవిడ ఇస్త్రీలు, వంటలు. ఎనిమిదయ్యేసరికి ఇద్దరూ పికప్ వ్యానులో బయల్దేరేవాళ్ళు. వెనకాల ఏముండేవనుకున్నారు? దోమతెరలు, నీటి ఫిల్టర్లు, పరుపులు, నల్లుల మందు, గొళ్ళేలు, చీపుళ్ళు. కుర్రాళ్ళు అద్దెకుండే వాటాలకి వెళ్ళి, దోమతెర చిరిగిందా, ఫిల్టరు కడిగారా, గ్యాసు గొట్టం బాగుందా అని చూడ్డమే వాళ్ళ ఉద్యోగం. సింకులో గిన్నెలు తేలితే చివాట్లు, మలేరియా మాత్ర మింగకపోతే ఎదురుగా నిలబెట్టి మింగించడాలు.

ఓసారి నేనూ వెళ్ళాను. ఓ కుర్రాడి మంచం కింద పాచిపోయిన అన్నం గిన్నె దొరికింది. "నీకూ నాకూ దేవుడు ఒక్కడే కావచ్చుగానీ, ఈ గిన్నె మాత్రం నువ్వే తోమాలి" అంది సిస్టరు. నేను పడీ పడీ నవ్వాను. మా వాడు ఇంజనీరింగు చదివేరోజుల్లో హాస్టలు గదికి వెళ్ళి నేను చేసిన రామాయణం ఇదే మరి!

ఇరుగు పొరుగు అన్నాక దాపరికం దేనికని ఓ సాయంత్రం మెట్లమీద కూచుని సూటిగానే అడిగాను. "మీరిదంతా చేసేది చివరికి ఎదటివాళ్ళని మీ మతంలో కలుపుకోవడానికే కదా? కోరిక పెట్టుకుని చేసేది సేవెలా అవుతుంది?" అన్నాను. కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "నేను నమ్మింది మంచిదని నమ్ముతున్నప్పుడు, పదిమందికీ అందాలని ఉండదా? ఉంటుంది. లేదంటే అబద్ధం. కానీ మీరిచ్చిన మజ్జిగకి నేను బదులేం చెప్పాను? బాగుందన్నాను, ఇంకో గ్లాసడిగాను. మీ మతంలోకి రాలేదుగా" అంది. జవాబు పూర్తిగా ఒప్పుకోలేకపోయాను. మజ్జిగకీ మతానికీ పోలికేమిటి? మజ్జిగ పుచ్చుకున్నవాళ్ళు ఇంటిదేవుణ్ణి మార్చుకోనక్కర్లేదుగా. ఆ మాటే అన్నాను. "అదీ నిజమే" అనేసింది. వాదన అక్కడితో ఆగింది. ఇప్పటికీ ఆ విషయంలో నాది నాదే, ఆవిడది ఆవిడదే.

ఇంకో ముల్లు కూడా ఉంది, అది ఆవిడే చెప్పింది. ఆ సంఘంలో నల్లజాతి మగవాళ్ళకి 1978 జూన్ దాకా పౌరోహిత్యం ఇచ్చేవాళ్ళు కాదట. అయినా ఘనాలో, నైజీరియాలో కొందరు పుస్తకాలు చదువుకుని, ఎవరూ పంపకుండానే అంతకు చాలా ఏళ్ళ ముందే ప్రార్థనా సమాజాలు పెట్టుకుని ఎదురుచూశారు. ఆ అడ్డు తొలగిన తరవాత, 1978 నవంబరులో అక్కడికి మొదట పంపినవాళ్ళు ఎవరో తెలుసా? పెద్దవయసు దంపతులు రెండు జంటలు, మేబీ దంపతులు, కానన్ దంపతులు. "అంతకాలం గుమ్మం బయట నిలబెట్టినందుకు, లోపలికి పిలవడానికి ముసలివాళ్ళని పంపారు కాబోలు" అన్నాను. నవ్వలేదు. "అంతకాలం ఎందుకు నిలబెట్టామో నా మనవడు అడిగితే నేను సరిగ్గా చెప్పలేకపోయాను" అంది. తమ ఇంటి తప్పుని పరాయిదాని ముందు ఒప్పుకునే ఆడవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు. నేనూ ఆ కోవలోదాన్ని కాను.

ఏప్రిల్‌లో మా కోడలికి ఆడపిల్ల పుట్టింది, శనివారం నాడు. ఆ దేశంలో పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరుంటుంది. శనివారం పుట్టిన ఆడపిల్ల "ఆమా". మేం ఎంత బారసాల చేసి పేరు పెట్టినా, ఆ మేడలో అందరికీ అది ఆమాయే అయింది. మన "అమ్మ"కి దగ్గరగా ఉందిలే అని నేనూ అలాగే పిలిచేదాన్ని. సిస్టరు పిల్లని ఎత్తుకుంటే దింపేది కాదు. ఒళ్ళో పెట్టుకుని వాసన చూసేది. ఏమిటలా అంటే, "కంప్యూటర్లో అన్నీ కనిపిస్తాయి, వాసనొక్కటే రాదు" అనేది.

మే నెల రెండో ఆదివారం అమెరికావాళ్ళ మాతృదినోత్సవం. ఆ రోజుల్లో ఆ కుర్రాళ్ళు ఇంటివాళ్ళతో మాట్లాడ్డానికి ఏడాదికి రెండేసార్లు అనుమతి, క్రిస్మస్‌కీ ఈ రోజుకీ. (2019 నించి వారానికోసారి మాట్లాడొచ్చన్నారు. ఎవరు అడిగి మార్పించారోగానీ వాళ్ళకి పుణ్యం ఉంటుంది.) ఆ రోజు కింది వాటాలో జనరేటరు పెట్టించి, కంప్యూటరు ముందు కుర్చీ వేసి, కుర్రాళ్ళని వరసగా కూచోబెట్టింది. ఒక్కొక్కడూ లోపలికి నవ్వుతూ వెళ్ళి, బయటికి ముక్కు తుడుచుకుంటూ రావడం. ఆవిడ ఒక్కొక్కడి చేతిలో రెండు రొట్టెలు పెట్టి వీపు నిమరడం. అందరూ అయ్యాక ఆవిడ కూతురి వంతు. ఆ ఇరవయ్యో మనవడు కడుపులో ఉన్న కూతురు. డాక్టరు మంచం దిగొద్దన్నాడట. మాట్లాడుతుండగానే జనరేటరులో డీజిలు అయిపోయింది.

చీకట్లో కూచుని చాలాసేపు ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఇంటి అవసరానికి సొంత ఖర్చుతో కొద్ది రోజులు వెళ్ళిరావడానికి వీలుందని వాళ్ళాయన అంతకుముందే చెప్పి ఉన్నాడు. "వెళ్ళిరావచ్చుగా!" అన్నాను. "వెళ్ళగలను. తిరిగొచ్చే విమానం ఎక్కలేను. నా సంగతి నాకు తెలుసు" అంది.

నాకు ఒళ్ళు మండింది. నిజం చెపుతున్నాను, జాలి కాదు, కోపమే వచ్చింది. కన్నకూతురు అక్కడ మంచాన పడుంటే, ఎవళ్ళ పిల్లల దోమతెరలో లెక్కపెట్టడం ఏమిటి? మరి ఆ కూతుర్ని ఎవరు చూస్తున్నారని నిలదీశాను. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు వంతులు వేసుకుని కారియర్లు తెస్తున్నారట, పెద్దపిల్లని బడికి దింపుతున్నారట. అంటే ఈవిడ ఎవరి కొడుకులకో అన్నం పెడుతుంటే, ఈవిడ కూతురికి ఇంకెవరో పెడుతున్నారు. ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకుంటే పోయేదానికి ఇంత చుట్టుతిరుగుడు దేనికని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

జూన్ 3న అక్రాలో కుంభవృష్టి. రోడ్లన్నీ ఏరులైపోయాయి. నగరం నడిబొడ్డున, ఎన్క్రుమా సర్కిల్ దగ్గర, వానకి తలదాచుకున్న జనం ఉండగానే పెట్రోలు బంకు పేలింది. నూట యాభై మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి మేడ మొత్తం చీకటి. కిందికి వెళ్ళి చూస్తే, కొవ్వొత్తి ముందు సిస్టరు పేర్ల జాబితా పెట్టుకుని కూచుంది. ఆయన ఫోన్లు కలుపుతున్నాడు, జంట తరవాత జంట. పలికినవాళ్ళ పేరు ఎదురుగా ఆవిడ టిక్కు పెడుతోంది. ఒక్క జంట పలకలేదు. రెండున్నర గంటలు. నేనూ కదల్లేకపోయాను. ఆ ఇద్దరి పేర్లూ ఇప్పటికీ నాకు జ్ఞాపకమే, కానీ ఎవరి బిడ్డలో, తల్లులెలా ఉంటారో ఎరగను. ఎక్కడో ఆ తల్లులకి అసలు వాన కురిసిందనే తెలియదు. వాళ్ళు ఎవరింట్లోనో మేడమీద క్షేమంగా ఉన్నారని కబురొచ్చాక, సిస్టరు టిక్కు పెట్టి, కాగితం మడిచి, లేచి వెళ్ళి వాంతి చేసుకుంది.

ఆ తరవాత నేను ఎవరి పిల్లలు, ఎవరి తల్లులు అని వాదించడం మానేశాను. ఒప్పుకున్నానని కాదు. నోరు రాలేదు.

ఆ నెల్లోనే ఆవిడ మనవడు పుట్టాడు. తెరమీద చూసింది. నేనేమో ఆమాకి సున్నిపిండితో నలుగు పెడుతూ, నాకో సంగతి తట్టి చెయ్యి ఆపేశాను. మన మనుస్మృతిలో వానప్రస్థానికి ఎప్పుడు బయల్దేరమన్నారు? ఒళ్ళు ముడతలు పడి, తల నెరిసి, బిడ్డకి బిడ్డ పుట్టింది చూశాక. అంటే మనవడి ముఖం చూడగానే బయల్దేరాలి! మనమేం చేస్తున్నాం? మనవడి ముఖం చూడ్డానికే విమానాలెక్కి, సరిగ్గా అప్పుడే సంసారంలో రెండో ఆవృత్తి మొదలుపెడుతున్నాం. భార్యని కొడుకులకి అప్పజెప్పి అయినా వెళ్ళొచ్చు, వెంట తీసుకుని అయినా వెళ్ళొచ్చు అని కూడా అందులో ఉంది. ఆవిడ ఇష్టమేమిటో అడగమని లేదనుకోండి. మా విషయంలో మాత్రం అది తిరగబడింది. ఆయన అడిగారు, నేను కాదన్నాను.

మావారు లెక్కల లెక్చరరు. 2004లో రిటైరయ్యారు. మరుసటేడు పాడేరు దగ్గర ఓ గిరిజన ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ఆయన పాత శిష్యుడొకడు ఉత్తరం రాశాడు. లెక్కలు చెప్పేవాళ్ళు లేరు, ఓ ఏడాది వచ్చి ఉండగలరా గురువుగారూ అని. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏమోయ్, ఇద్దరం వెడదామా?" అన్నారు. నేనేమన్నానో వినండి. "డాలస్‌లో అమ్మాయి పురుడు పెట్టుకుని అడవులంట తిరిగితే లోకం నవ్వదూ?" అన్నాను. ఆయన ఉత్తరం సొరుగులో పెట్టేశారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మగవాళ్ళు అలిగితే వెంటనే తెలుస్తుంది. అలగకుండా ఊరుకుంటే పదేళ్ళదాకా తెలియదు. ఆ పదేళ్ళలో నేను డాలస్ మూడుసార్లు, అక్రా ఒకసారి. ఆయన పేపర్లో పదకేళీ.

నేను చేసిందంతా పిల్లల కోసం అనుకున్నాను. కొంత నిజమే. కానీ పురుడయ్యాక కూడా ఆర్నెల్లు ఉండిపోయేదాన్నే, అది ఎవరికోసం? నేను లేకపోతే ఆ ఇంట్లో పోపు వెయ్యడం చేతకాదని నాకు నేను చెప్పుకునేదాన్ని. పిల్లలకి నా అవసరం తీరిపోతుందేమోనన్న భయానికి నేను పెట్టుకున్న పేరు బాధ్యత. అలాగని సిస్టరు చేసింది ఒప్పు అయిపోదు. ఆ కూతురి కన్నీళ్ళ ఖరీదు ఎవరు కట్టారు? పింఛను, ఆరోగ్యం, ఇల్లు చూసే కొడుకు, ఇవన్నీ ఉన్నవాళ్ళకే ఆ వానప్రస్థం. అదీ నాకు తెలుసు.

ఆగస్టులో గుంటూరు తిరిగొచ్చి సొరుగు తీశాను. ఉత్తరం అక్కడే ఉంది. ఆయన నావంక చూసి, "ఇప్పుడా? మోకాళ్ళు చూశావా?" అన్నారు. ఇంకో ఏడాదిన్నర అలాగే నానింది. చివరికి 2017 జూన్‌లో, బడులు తెరిచే వేళకి, రెండు పెట్టెలతో, ఆయన షుగరు మాత్రలతో, మా అమ్మాయి ఫోన్లో "మీకు మతి పోయింది" అంటుండగా బయల్దేరాం. ఆ శిష్యుడు అప్పటికి వేరే ఆశ్రమ పాఠశాలలో హెడ్మాష్టరు. ఆయన కుర్చీలో కూచునే పాఠం చెప్పేవారు. నేనేం చేశాననుకున్నారు? చొక్కాలకి గుండీలు కుట్టడం, గజ్జికి మందు రాయడం, దోమతెరలు దులపడం. ఒకడి ట్రంకుపెట్టెలో పాచిపోయిన అన్నం కూడా దొరికింది. ఆ రోజు సిస్టరుకి ఉత్తరం రాశాను.

సెప్టెంబరు మొదట్లో అక్రా నించి అబ్బాయి ఫోను. ఆమాకి న్యుమోనియా, ఆసుపత్రిలో చేర్చాం, అమ్మా రాగలవా అని. మూడు నెలల పరీక్షలు ఆ సోమవారమే మొదలు, ఇక్కడ పదకొండుమంది పిల్లలకి జ్వరాలు, ఈయనకి చూస్తే షుగరు హెచ్చింది. "దసరా సెలవులివ్వగానే వస్తాను నాన్నా" అన్నాను. అటువైపు కాసేపు మాటలేదు. "సరేలేమ్మా" అన్నాడు. అన్నాక ఏజెన్సీలో సిగ్నలు పోయిందో, వాడే పెట్టేశాడో తెలియదు. ఆ రాత్రంతా చెట్టుకింద, సిగ్నలు దొరికే ఒకే ఒక్క చోట, ఫోను పట్టుకుని నిలబడ్డాను.

దసరాకి వెళ్ళాను. ఆమాకి అప్పటికి నయమై, చిక్కిపోయి, కళ్ళు మాత్రమే పెద్దవై ఉంది. కోడలు "రండత్తయ్యా" అంది, అంతే. కింది వాటాలో ఎవరో కొత్త దంపతులు వచ్చి ఉన్నారు. పిల్ల తల్లి కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. "ఎవరొచ్చారో చూడు, నానమ్మ" అన్నాడు మా వాడు. అది తల అడ్డంగా ఊపి, బల్లమీదున్న వాడి ఫోను వైపు వేలు పెట్టి చూపించింది.

"నానమ్మ అందులో ఉంది" అంది.

కోడలు కాఫీ కలిపి తెచ్చింది. పంచదార వెయ్యడం మరిచిపోయింది. నేనూ అడగలేదు.